పక్కన మనిషి లేని చదువు

మస్కట్‌లో తెలుగువారి సభలో, ప్రొఫెసర్ జి. రాంరెడ్డి గారి స్మృతిలో చేసిన ఉపన్యాసానికి అచ్చు ప్రతి

గురువారం సాయంత్రం ట్రాఫిక్‌ను దాటుకుని ఉపన్యాసం వినడానికి రావడమంటే మాటలు కాదు. పైగా విషయం ఆన్‌లైన్ కోర్సులు, వైకల్యం ఉన్న విద్యార్థులు. మధ్యలో పాటల కార్యక్రమం కూడా లేదు. అయినా వచ్చారు కాబట్టి ముందే కృతజ్ఞతలు చెప్పేస్తున్నాను.

రాంరెడ్డి గారి గురించి ఇక్కడున్న కరీంనగర్ వాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. మిగతావాళ్ల కోసం నాలుగు మాటలు. ఆ జిల్లా మైలారంలో 1929లో పుట్టారు. ఉస్మానియాలో రాజనీతిశాస్త్రం చెప్పారు, పంచాయతీరాజ్ మీద పరిశోధన చేశారు, అదే విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్స్‌లర్ అయ్యారు. 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు దాని తొలి వైస్ ఛాన్స్‌లర్ ఆయనే. దేశంలో అదే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఇవాళ అంబేద్కర్ పేరుతో నడుస్తున్నది. మూడేళ్లకు ఢిల్లీలో జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నో మొదలైతే దానికీ ఆయన్నే పిలిచారు. తర్వాత యూజీసీ అధ్యక్షులయ్యారు. 1995లో లండన్‌లో కన్నుమూశారు. బడి మెట్లు సరిగ్గా ఎక్కని మనిషి కూడా ఒక అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరవచ్చునన్న ఏర్పాటు ఆ విశ్వవిద్యాలయం తెచ్చింది. అప్పట్లో దాన్ని ఎగతాళి చేసినవాళ్లకు కొదవ లేదు. ఆ డిగ్రీ పట్టుకుని గల్ఫ్‌కు వచ్చి గుమాస్తా నుంచి మేనేజరు దాకా ఎదిగినవాళ్లు మనలోనే ఉన్నారు, వాళ్లు నవ్వుకుంటే చాలు.

ఆ విశ్వవిద్యాలయాలు నడిపే దూరవిద్యలో ఒక మూలసూత్రం ఉంది. దూరవిద్య పుస్తకాన్ని తరగతి పుస్తకంలా రాయకూడదు. తరగతి పుస్తకానికి వెనక మాస్టారు ఉంటాడు. అర్థం కాని చోట ఆగుతాడు, బోర్డు మీద గీసి చూపిస్తాడు. దూరవిద్య పుస్తకానికి ఆ ఆసరా లేదు. అందుకని పుస్తకమే మధ్యలో ఆగి ప్రశ్న వేయాలి, వెనకటిది గుర్తు చేయాలి, జవాబు సరిచూసుకునే వీలివ్వాలి. పగలంతా ఉద్యోగం చేసి వచ్చినవాడు రాత్రి ఒంటరిగా కూర్చుని చదివినా తలకెక్కాలి. నేను ఇవాళ చెప్పబోయేది ఈ సూత్రాన్ని ఇంకొంచెం ముందుకు లాగడమే. ఒక కోర్సు చదవడానికి పక్కన ఇంకో మనిషి కూర్చోవాల్సి వస్తే ఆ కోర్సు రాయడం పూర్తికానట్టే. చూపులేని పిల్లకు తల్లి స్క్రీన్ చదివి వినిపిస్తోంది, వినికిడి లేని పిల్లవాడికి అన్న నోట్సు రాసి పెడుతున్నాడు, చేతులు పట్టు తప్పే విద్యార్థికి స్నేహితుడు మౌసు తిప్పుతున్నాడు. వాళ్లంతా చేస్తున్నది కోర్సు రాసినవాడు వదిలేసిన పని. దాన్ని రాసినవాడే పూర్తి చేయాలి. వికలాంగుల సహాయ విభాగానికో, ఐటీ హెల్ప్‌డెస్క్‌కో వదిలేస్తే అయ్యేది కాదు.

మనం ఉంటున్న ఈ దేశంలో చూపులేని పండితుడు కొత్త కాదు. ఒమన్ చరిత్ర చదివిన ఎవరికైనా నూరుద్దీన్ అల్ సాలిమీ పేరు తగులుతుంది. చిన్నతనంలోనే చూపు పోయింది. ఆయన ‘తుహ్ఫత్ అల్ అయాన్’ లేకుండా ఈ దేశ చరిత్ర రాయడం ఇవాళ్టికీ కష్టం. 1913లో ఇమామ్‌గా ఎన్నికైన సాలిం బిన్ రాషిద్ అల్ ఖరూసీ ఆయన శిష్యుడే. మరుసటి ఏడు సాలిమీ పోయారు. ఆ 1914లోనే కైరోలో ఇంకో చూపులేని మనిషి, తాహా హుసేన్, డాక్టరేట్ తీసుకున్నాడు. ఆయన పరిశోధించినది కూడా చూపులేని కవినే, అబుల్ అలా అల్ మఅర్రీని. 1950లో తాహా హుసేన్ ఈజిప్టు విద్యామంత్రి అయ్యాడు, సెకండరీ చదువుకు ఫీజు తీసేశాడు.

ఇద్దరూ మహానుభావులే. అయితే వాళ్ల చదువు వెనక ఎవరి గొంతులున్నాయో కూడా చూడాలి. సాలిమీ గారికి చదివి వినిపించడానికీ, చెప్పింది రాసిపెట్టడానికీ శిష్యులున్నారు. తాహా హుసేన్‌కు ఫ్రాన్సులో భార్య సుజాన్ చదివి వినిపించేది. ఆ శిష్యులు దొరకని, ఆ సుజాన్ దొరకని తెలివైనవాళ్లు ఎంతమంది ఊళ్లలో అలాగే ఉండిపోయారో ఏ చరిత్రా చెప్పదు. చదివిపెట్టే మనిషి ఎంత మంచివాడైనా వాడికి తీరిక ఉన్నప్పుడే మన చదువు సాగుతుంది. అర్ధరాత్రి ఒక వాక్యం మళ్లీ వినాలనిపిస్తే లేపలేం. ఇష్టం లేని పుస్తకం చదవమంటే మొహమాటం. కంప్యూటర్ ఈ మొహమాటాన్ని తీసేయగలదు. తీసేయాలంటే పాఠం దానికి అర్థమయ్యేలా ఉండాలి.

చట్టాల విషయం త్వరగా దాటేస్తాను, ఎందుకంటే కాగితం మీద లోటు పెద్దగా లేదు. ఒమన్‌లో వికలాంగుల సంరక్షణ, పునరావాస చట్టం రాజశాసనం 63/2008 ద్వారా వచ్చింది. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను ఈ దేశం 2009 జనవరిలో ఆమోదించింది. మన దేశం 2007లోనే ఆమోదించి, 2016లో కొత్త చట్టం చేసుకుంది. ఆ ఒడంబడికలో 9వ అధికరణం సమాచార సాంకేతికతను అందరికీ అందేలా చేయమంటుంది, 24వది చదువు గురించి. మస్కట్‌లో చూపులేని పిల్లలకు ఉమర్ బిన్ అల్ ఖత్తాబ్ పేరుతో సంస్థ ఉంది, వినికిడి లేని పిల్లలకు అల్ అమల్ బడి ఉంది. బడి దాటి పెద్ద చదువులకు, అందులోనూ ఆన్‌లైన్ చదువులకు వచ్చేసరికి అసలు చిక్కు మొదలవుతుంది.

2020 మార్చి మధ్యలో ఇక్కడ బడులు, కాలేజీలు మూసేశారు. ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చుని చదువుకోవడం అప్పటికి కొందరికే అలవాటు. ఉన్నట్టుండి అందరి బతుకూ అదే అయింది. ప్రభుత్వ బడులు గూగుల్ క్లాస్‌రూం, మన్జరా వేదికలకు మారాయి. మన ఇండియన్ స్కూళ్లు దొరికిన వేదిక పట్టుకున్నాయి. ఇండియన్ స్కూల్ మస్కట్‌కు ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం విడిగా కేంద్రమే ఉంది కాబట్టి అలాంటి పిల్లల తల్లిదండ్రులు మన సభల్లో తరచూ కనిపిస్తుంటారు. ఆ రోజుల్లో వాళ్లు పడ్డ పాట్లు నేను దగ్గర నుంచి చూశాను. ఒక పిల్లవాడికి స్క్రీన్ మీద ఇరవై మొహాలు ఒక్కసారి కనిపిస్తే చెవులు మూసుకుని బల్ల కిందికి దూరేవాడు. తల్లి ఉద్యోగానికి సెలవు పెట్టి వాడి పక్కన కూర్చుని, మాస్టారు చెప్పింది మళ్లీ చెబుతూ, వాడి చేయి పట్టి క్లిక్ చేయిస్తూ గడిపింది. కెమెరా ఒకరినే చూపించే అమరిక ఆ వేదికలోనే ఉంది. అది ఉందని ఆ తల్లికి చెప్పినవాళ్లు లేరు. జీతం నష్టపోయింది, పిల్లవాడు నష్టపోయాడు, కారణం ఒక బటన్.

ఇప్పుడు మిమ్మల్ని ఒక కోర్సు పేజీ ముందుకు తీసుకెళ్తాను. ఏ కాలేజీదన్నది వదిలేద్దాం. ఒమన్‌లోని దాఖిలియా వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థి, పూర్తిగా చూపులేనివాడు, నా గదిలో కూర్చుని దాన్ని తెరిచాడు. తెర మీద ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వాడతాడు. ఇద్దరు చూపులేని ఆస్ట్రేలియన్లు 2006లో మొదలుపెట్టిన ప్రోగ్రాం అది, ఉచితం. అతను పెట్టుకున్న వేగానికి నాకు ఒక్క మాటా అందలేదు, పెసలు డబ్బాలో పోసి ఊపినట్టుంది. నా కోసం నెమ్మది చేశాడు. అప్పుడు వినిపించింది. లింక్, క్లిక్ హియర్. లింక్, క్లిక్ హియర్. లింక్, క్లిక్ హియర్. గ్రాఫిక్, ఐఎంజీ అండర్‌స్కోర్ ఇరవై ముప్పై ఏడు. లింక్, వీక్ త్రీ ఫైనల్ న్యూ ఫైనల్ డాట్ పీడీఎఫ్. అతను హెచ్ అక్షరం నొక్కాడు. అది నొక్కితే ఒక శీర్షిక నుంచి తర్వాతి శీర్షికకు దూకాలి. ‘నో నెక్స్ట్ హెడింగ్’ అంది. కంటికి ఆ పేజీలో చక్కటి శీర్షికలు తొమ్మిదో పదో ఉన్నాయి, నీలం రంగులో, లావుగా. టైపు చేసినాయన అక్షరం పెద్దది చేశాడు గానీ అది శీర్షిక అని కంప్యూటర్‌కు చెప్పలేదు. అందువల్ల ఆ విద్యార్థి నాలుగో వారం పాఠం చేరడానికి మొదటి వారం నుంచి అక్షరం అక్షరం వింటూ రావాలి. వచ్చాడు కూడా. విసుగు పడలేదు, అలవాటైపోయిందన్నాడు. నాకు మింగుడుపడనిది ఆ అలవాటే.

దీనికి కావాల్సిన మరమ్మతు ఏమంత పెద్దది? వర్డ్‌లో గానీ మూడుల్ అనే కోర్సు వేదికలో గానీ వాక్యాన్ని ఎంచుకుని ‘హెడింగ్ 2’ అని నొక్కాలి. ‘క్లిక్ హియర్’ బదులు ‘మూడో వారం ప్రయోగ సూచనలు’ అని రాయాలి. ఫైలుకు మనిషి పేరు పెట్టినట్టు పేరు పెట్టాలి. బొమ్మకు వివరణ రాయాలి. ఈ చివరిది మాత్రం కొంచెం ఆలోచించి చేయాల్సిన పని. సలాలా వర్షపాతం గ్రాఫ్ ఉందనుకోండి. ‘వర్షపాతం గ్రాఫ్’ అని రాస్తే అబద్ధం కాదు, కానీ దానివల్ల ఎవరికీ ఏమీ తెలియదు. ఆ గ్రాఫ్ పాఠంలో ఎందుకుంది? ఖరీఫ్ నెలల్లో అక్కడ జల్లులు పడుతుంటే మిగతా ఒమన్ ఎండిపోయి ఉంటుందని చూపడానికి. ఆ మాట రాయాలి. బొమ్మ ఊరికే అలంకారానికి పెట్టినదైతే వివరణ ఖాళీగా వదిలేయాలి, స్క్రీన్ రీడర్ దాన్ని దాటిపోతుంది. వివరణ రాయడానికి కూర్చుంటే, ఈ బొమ్మ ఎందుకు పెట్టామో మనకే తెలియదని తేలే సందర్భాలు చాలా. అలాంటివి తీసేస్తే కోర్సు బాగుపడుతుంది.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. వెబ్‌ఎయిమ్ అనే అమెరికన్ సంస్థ ఏటా పది లక్షల వెబ్‌సైట్ల ముఖపత్రాలను యంత్రంతో పరీక్షిస్తుంది. 2024లో 95.9 శాతం పేజీల్లో పైకి పట్టుబడే తప్పులే ఉన్నాయి. ఎక్కువగా దొరికేవి ఏళ్ల తరబడి అవే: వెలిసిన రంగు అక్షరాలు, వివరణ లేని బొమ్మలు, పేరు లేని ఫారం గళ్లు. అక్షరానికీ వెనక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5కు 1 ఉండాలని వెబ్ ప్రమాణాలు 2008 నుంచీ చెబుతున్నాయి. తెల్లటి స్లైడు మీద లేత పసుపు అక్షరాలు వేసే అధ్యాపకుడికి ఆ కబురు ఇంకా చేరలేదు.

మన భాష సంగతికి వస్తాను. ఇక్కడ కాస్త ఆగి మాట్లాడాలి, ఎందుకంటే ఇది ఒమనీలకు లేని బాధ, మనమే తెచ్చిపెట్టుకున్నది. తెలుగులో గత ముప్పై ఏళ్లుగా అచ్చయిన పాఠ్యపుస్తకాలు, పత్రికలు, ప్రశ్నపత్రాలు చాలా భాగం అను, శ్రీలిపి వంటి ఫాంట్లతో డీటీపీ అయినవి. ఆ ఫాంట్లలో తెర మీద కనిపించేది తెలుగే, లోపల దాచుకున్నది మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, విరామ చిహ్నాలు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే చిందరవందరగా కనిపిస్తుందని మీరు చూసే ఉంటారు. మీకు అది ఒక్కసారి చిరాకు. చూపులేని విద్యార్థికి ప్రతిసారీ అదే. పీడీఎఫ్ ఎంత అందంగా ఉన్నా స్క్రీన్ రీడర్ చూసేది ఫాంటును కాదు, లోపలి సంకేతాలను. అందుకని ‘భారత రాజ్యాంగం’ అనే పాఠం మొదలుపెట్టగానే అది ఇంగ్లిష్ హల్లులు, డాలర్ గుర్తులు, బ్రాకెట్లు గుక్కతిప్పుకోకుండా చదువుతుంది. స్కాన్ చేసిన పాత పుస్తకమైతే ఇంకా సుఖం, ఏమీ చదవదు.

యూనికోడ్‌లో తెలుగుకు చోటు వచ్చి మూడు దశాబ్దాలు దాటింది. ఫోన్లో మనమంతా యూనికోడ్‌లోనే మెసేజీలు కొడుతున్నాం. మా అమ్మ కూడా. మరి డీటీపీ గదుల్లో ఇంకా పాత ఫాంట్లే ఎందుకంటే పేజ్‌మేకర్ అలవాటు, యూనికోడ్ ఫాంట్లలో ఒత్తులు కుదరవన్న పాత ఫిర్యాదు, ‘ప్రింటు బాగా వస్తే చాలు కదా’ అన్న మాట. ఆ మాటలోనే ఉంది అసలు తప్పు. పుస్తకానికి ప్రింటు ఒక్కటే గమ్యమని మనం ఇంకా అనుకుంటున్నాం. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం గానీ, తెలుగు అకాడమీ గానీ, ఇక్కడ పిల్లలకు వారాంతపు బడి కోసం వాచకాలు వేసుకునే మన సంఘాలు గానీ, ఎవరైనా సరే, కొత్త పుస్తకం యూనికోడ్‌లోనే కూర్పు చేయాలి. పాతవాటిని మార్చే ప్రోగ్రాములున్నాయి, తెలుగు గుర్తుపట్టే ఓసీఆర్ ఉంది, అవి చేసిన తప్పులు దిద్దడానికి తెలుగు తెలిసిన కళ్లు కావాలి. ఆ కళ్లు ఈ హాల్లో చాలానే ఉన్నాయి.

అరబిక్ వాళ్ల తంటా ఇంకో రకం. వాళ్లు మామూలు రాతలో హ్రస్వ అచ్చుల గుర్తులు వేయరు. చదివేవాడు సందర్భాన్ని బట్టి పూరించుకుంటాడు. యంత్రం తడబడుతుంది. పైగా కుడి నుంచి ఎడమకు సాగే వాక్యం మధ్యలో ఇంగ్లిష్ సాంకేతిక పదం, దాని పక్కన అంకె వస్తే, ఏది ముందు చదవాలో స్క్రీన్ రీడర్‌కు ఆ పేజీ చెప్పాలి. మా విద్యార్థులు రెండు భాషలూ కలిసిన నోట్సు వినేటప్పుడు సమీకరణంలో ఎడమ పక్కదేదో, కుడి పక్కదేదో వెనక్కి వెళ్లి మళ్లీ వినడం నేను చాలాసార్లు చూశాను. ఏ భాష ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గుర్తు పెడితే చాలావరకు సర్దుకుంటుంది.

వీడియోల దగ్గరికి వద్దాం. వినికిడి లేనివాళ్ల కోసం క్యాప్షన్లు అనగానే, ‘మా క్లాసులో అలాంటివాళ్లు ఎవరూ లేరు’ అనే జవాబు వస్తుంది. ఇక్కడి సాంకేతిక కాలేజీల్లో పాఠం ఇంగ్లిష్‌లో. వినే పిల్లల మాతృభాష అరబిక్. చెప్పేవాళ్లు కేరళ, ఆంధ్ర, ఫిలిప్పీన్స్, సూడాన్. నా ఇంగ్లిష్‌లో గోదావరి యాస ఎంత దాచినా దాగదు. క్యాప్షన్లు పెట్టాక వాటిని ఎక్కువగా వాడుకున్నది చెవులు బాగా వినిపించే పిల్లలే. అయితే యంత్రం పెట్టిన క్యాప్షన్లను అలాగే వదలకూడదు. ఒక పాఠంలో ఒమన్ పాత నీటి కాలువల గురించి, అంటే ఫలజ్‌ల గురించి చెబితే, ‘ఫలజ్’ అన్న ప్రతిచోటా తెర మీద ‘ఫ్లాష్’ అని పడింది. వినగలిగినవాడు నవ్వుకుంటాడు. వినికిడి లేని విద్యార్థి పరీక్షలో కొండల్లోంచి ఫ్లాష్ ప్రవహిస్తుందని రాస్తాడు, మార్కులు పోగొట్టుకుంటాడు. పేర్లు, సాంకేతిక పదాలు, అంకెలు, ఈ మూడింటినీ మనిషి చూసి దిద్దాలి. ముందే రాతప్రతి పెట్టుకుని పాఠం చెప్పే అధ్యాపకుడికి ఇది అసలు పనే కాదు.

క్యాప్షన్లు లేవని అమెరికాలో పెద్ద విశ్వవిద్యాలయాలే కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. బధిరుల జాతీయ సంఘం 2015లో హార్వర్డ్ మీద, ఎంఐటీ మీద కేసులు వేసింది. 2019 చివర్లో హార్వర్డ్, 2020 మొదట్లో ఎంఐటీ క్యాప్షన్లు పెడతామని రాజీకి వచ్చాయి. బర్క్‌లీ కథ వేరేగా నడిచింది. ఉచితంగా పెట్టిన పాఠాలు వినికిడి లేనివాళ్లకు అందడం లేదని న్యాయశాఖ 2016లో చెప్పింది. 2017 మార్చిలో ఆ విశ్వవిద్యాలయం ఇరవై వేలకు పైగా వీడియో, ఆడియో పాఠాలను బయటివాళ్లకు కనబడకుండా చేసింది. సరిచేయడానికి డబ్బు కావాలి, తీసేయడానికి అక్కర్లేదు. అప్పుడు చాలామంది ఫిర్యాదు చేసినవాళ్లను తిట్టారు, వాళ్ల వల్ల అందరికీ పోయిందని. నా దృష్టిలో ఆ తిట్లు తగిలిన చోటు తప్పు. ఆ పాఠాలను రికార్డు చేసిన ఏళ్లలో ఒక్కో దానికీ రాతప్రతి జత చేసి ఉంటే ఖర్చు కొద్దికొద్దిగా తేలిపోయేది. ఇరవై వేలు కుప్ప పడ్డాక ఎవరికైనా భయమే. మన దేశపు ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ పాఠాలకు రాతప్రతులున్నాయి, కొన్నింటికి తెలుగు అనువాదాలు కూడా వచ్చాయి. అవి వికలాంగుల కోసమని మొదలైనవి కాకపోయినా వాళ్లకు పనికొస్తున్నాయి.

పరీక్షలు. ఇక్కడ మంచి కోర్సు కూడా చేతులెత్తేస్తుంది. మన దేశంలో అదనపు సమయం గంటకు 20 నిమిషాలని మార్గదర్శకాలున్నాయి, సీబీఎస్‌ఈ బోర్డు పరీక్షలో రాతసహాయకుణ్ణి, అదనపు సమయాన్ని ఇస్తుంది. మూడుల్ క్విజ్‌లో ఒక్క విద్యార్థికి సమయం పెంచే అమరిక ఉంది, రెండు నిమిషాల పని. అయితే ఎవరు పెంచాలి? అధ్యాపకుడు విభాగానికి రాయమంటాడు, విభాగం రిజిస్ట్రారుకు రాస్తుంది, జవాబు వచ్చేసరికి క్విజ్ ముగిసిపోతుంది. లాగి వదిలే ప్రశ్నలు, అంటే డ్రాగ్ అండ్ డ్రాప్, కీబోర్డు మీద మాత్రమే ఆధారపడేవాళ్లకు గోడలే. ఇక కెమెరాతో కాపలా కాసే పరీక్షలు. చూపులేని విద్యార్థి తెర వైపు చూడడు. స్క్రీన్ రీడర్ మాట్లాడుతూ ఉంటుంది. కాపలా యంత్రానికి ఇవి రెండూ కాపీ కొట్టే లక్షణాలే. మెదడు పక్షవాతం ఉన్న విద్యార్థి తల కదిలితే అదీ నేరమే. అలాంటి అనుమానపు నివేదిక ఒకటి మా దగ్గరకు వచ్చింది. ఆ అమ్మాయి గంటసేపు విచారణలో కూర్చుని, తాను కాపీ కొట్టలేదని కాదు, తన కళ్లు అలాగే ఉంటాయని రుజువు చేసుకోవాల్సి వచ్చింది.

ఈ విషయంలో మన సుప్రీంకోర్టు ఈమధ్య చెప్పినవి ఇక్కడి తల్లిదండ్రులకు తెలియాలి, ఎందుకంటే మన పిల్లలు పన్నెండో తరగతి తర్వాత ఎక్కువమంది హైదరాబాదో విజయవాడో వెళ్తారు. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో, 40 శాతం వైకల్యం లేదన్న కారణంతో రాతసహాయకుణ్ణి నిరాకరించరాదంది. 2024 నవంబరులో రాజీవ్ రతూరీ కేసులో, అందుబాటు ప్రమాణాలు సలహాలుగా ఉంటే చాలదు, తప్పనిసరి నిబంధనలు కావాలంది. ఆ తీర్పుకు ఆధారంగా నిలిచిన నివేదిక తయారైంది మన హైదరాబాదు నల్సార్‌లోని వైకల్య అధ్యయన కేంద్రంలో. 2025 ఏప్రిల్‌లో ప్రజ్ఞా ప్రసూన్ కేసులో డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమంది. ఆ కేసు యాసిడ్ దాడికి గురైన మహిళలు బ్యాంకు కేవైసీలో కన్నురెప్ప ఆర్పి చూపించలేకపోవడం మీద వచ్చింది. కెమెరా ముందు రెప్ప ఆర్పలేని విద్యార్థికి పరీక్ష వేదిక లాగిన్ కూడా అలాంటిదే.

తీర్పు ఉన్నా కాగితం కావాలి. గల్ఫ్ తల్లిదండ్రులకు జూన్, జూలై సెలవులు ఎక్కడ పోతాయో చెప్పనా? వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ దగ్గర. ముందు స్లాటు దొరకాలి, ఆ రోజు జిల్లా ఆసుపత్రికి డాక్టరు రావాలి, విమానం టికెట్టు తేదీ దాటకూడదు. ఇక్కడి ఆసుపత్రి ఇచ్చిన నివేదిక అక్కడ పనికిరాదంటారు. అక్కడిది తెస్తే ఇక్కడి కాలేజీ అరబిక్ అనువాదం అడుగుతుంది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కోర్సు మొదటి నుంచీ అందరికీ అందేలా ఉంటే ఈ కాగితాల్లో సగం అడగాల్సిన అవసరమే రాదు. శీర్షికలు సరిగ్గా ఉన్న పేజీ చదవడానికి సర్టిఫికెట్ అక్కర్లేదు కదా.

‘సైన్సు మాత్రం కష్టం సార్’ అంటారు. గట్టిగా అంటారు, మంచివాళ్లే అంటారు. మచిలీపట్నం దగ్గర పల్లె నుంచి వచ్చిన శ్రీకాంత్ బొల్లాకు కూడా ఇంటర్మీడియట్‌లో సైన్సు ఇవ్వం అన్నారు, చూపులేదని. కోర్టుకు వెళ్లి సీటు తెచ్చుకున్నాడు. పుస్తకాలన్నీ ఆడియోగా చేయించుకుని చదివి 98 శాతం తెచ్చుకున్నాడు. ఐఐటీ కోచింగ్ వాళ్లు చేర్చుకోలేదు, ఎంఐటీ చేర్చుకుంది. ఇవాళ హైదరాబాదులో బొల్లాంట్ కంపెనీ నడుపుతున్నాడు. 2024లో హిందీలో సినిమా వచ్చింది. సినిమా చూసి అందరం చప్పట్లు కొట్టాం. ఆ ఆడియో చేసిపెట్టినవాళ్ల శ్రమ మళ్లీ ఇంకో శ్రీకాంత్‌కు పడకుండా మన కోర్సుల్లో సమీకరణాలను బొమ్మలుగా అంటించడం మానేశామా? సమీకరణాన్ని లేటెక్స్‌లోనో, వర్డ్ ఈక్వేషన్ ఎడిటర్‌లోనో రాస్తే స్క్రీన్ రీడర్ భాగహారం ఎక్కడ మొదలైందో, ఘాతం ఎక్కడ ముగిసిందో చెప్పగలదు. ఫొటో తీసి పెడితే ‘గ్రాఫిక్’ అంటుంది, అంతే.

చివరగా డబ్బు. నేను చూసినంతలో అందుబాటు ఓడిపోయేది తరగతి గదిలో కంటే టెండరు కాగితంలోనే ఎక్కువ. కాలేజీ ఒక కొత్త వేదిక కొంటుంది. ధర, సర్వరు, ఎంతమంది ఒకేసారి లాగిన్ కావచ్చు, వారంటీ, అన్నీ రాస్తారు. కీబోర్డుతో మాత్రమే పని చేస్తుందా, స్క్రీన్ రీడర్‌తో ఎవరైనా పరీక్షించారా అన్న ప్రశ్న ఉండదు. కొన్నాక అడిగితే కంపెనీ ‘అది వచ్చే వెర్షన్‌లో’ అంటుంది. వచ్చే వెర్షన్‌కు వేరే డబ్బు. ఒక కొనుగోలు సంఘంలో కూర్చున్నప్పుడు అమ్మడానికి వచ్చినాయన చేతిలోంచి మౌసు తీసుకుని, ఇప్పుడు క్విజ్ పూర్తి చేయండని అడిగాను. ట్యాబ్ మీట నొక్కుతూ వెళ్లి, మూడో ప్రశ్న దగ్గర ఇరుక్కుని, ‘నెట్ నెమ్మదిగా ఉంది’ అన్నాడు. నెట్ బాగానే ఉంది.

ఇక్కడ సుల్తాన్ ఖబూస్ విశ్వవిద్యాలయంలో, సాంకేతిక విశ్వవిద్యాలయంలో, ప్రైవేటు కాలేజీల్లో, ఇండియన్ స్కూళ్ల యాజమాన్య సంఘాల్లో పనిచేస్తున్న మనవాళ్లు కొందరు ఇలాంటి కాగితాల మీద సంతకం పెట్టే స్థానాల్లో ఉన్నారు. వాళ్ల కోసం టెండరులో చేర్చదగ్గ షరతులు ఒక పేజీ రాసి తెచ్చాను, ఇంగ్లిష్‌లోనూ అరబిక్‌లోనూ. వెబ్ అందుబాటు ప్రమాణాలు 2.2, మధ్య స్థాయి అంటే డబుల్ ఏ పాటించాలి. దానికి అమ్మేవాడి మాట చాలదు, స్క్రీన్ రీడర్ వాడే మనిషి పరీక్షించిన నివేదిక జతచేయాలి. లోపాలు దిద్దే ఖర్చు అమ్మేవాడిదే, గడువు తొంభై రోజులు. బయట బల్ల మీద ప్రతులున్నాయి. పెద్దక్షరాలవి పసుపు ఫోల్డరులో పెట్టాం. ఫైలుగా కావాలన్నవాళ్లు పేరు, ఫోన్ నంబరు రాసి వెళ్లండి, రేపు పంపిస్తాను, యూనికోడ్‌లోనే. ఇక ప్రశ్నలు అడగండి.